గాలి మెల్లగ దిగే టైరు: తప్పు టైర్‌దా, రిమ్ముదా?

ఇది హనుమకొండల మా టైర్ షాపుకి వచ్చిన ఒక కేసు. పెద్ద విచిత్రం ఏం లేదు ఇండ్ల, గాలి దిగే టైరు, అంతే. కానీ మా దగ్గరికి వచ్చేసరికి ఆ ఒక్క చక్రం మీద బండి ఓనర్ సారు అప్పటికే మస్తు పైసలు పెట్టిండు, నాలుగు చోట్ల చూపిచ్చిండు, ఆఖరికి "టైరే పోయింది, కొత్తది ఎయ్యాలె" అనే దాక వచ్చింది, తీరా చూస్తే టైరు మంచిగనే ఉన్నది. ఎక్కడ ఏమనుకొని ఏం చేసినమో రాస్తున్న, ఈ లైన్లకి కొత్తగ వచ్చే పిల్లలకి పనికొస్తది, బండి ఉన్నోళ్లకి కూడ పనికొస్తది. సారు పేరు, బండి కంపెనీ, నంబరు ఇవేవీ చెప్పను.

బండి, కంప్లైంట్

పెట్రోల్ బండి, చిన్న ఎస్‌యూవీ టైపు, 16 ఇంచుల అలాయ్‌లు, అంటే అల్యూమినియం రిమ్ములు. సారు ఉండేది హనుమకొండ, డ్యూటీ ములుగు దిక్కు, పోయి రావుడు కలిపి రోజుకి వంద కిలోమీటర్ల దాక తిరుగుతడు. 163 హైవేనే గానీ ఇసుక లారీలు తిరిగే రోడ్డు, వానలు పడ్డంక గూడెప్పాడ్ దాటి ఎక్కడ గుంత తేలుతదో నిన్న పోయినోడికి కూడ తెల్వదు. టైరు పక్కన డేట్ కోడ్ ఉంటది కదా, ఆఖరి నాలుగు అంకెలల్ల మొదటి రెండు వారం, తర్వాత రెండు ఏడాది, అది చూస్తే నాలుగేండ్ల టైరు. టైరు మీది గాట్ల లోతు ఇంకా 4 మిల్లీమీటర్ల పైననే ఉన్నది, లీగల్ లిమిట్ 1.6 కాబట్టి ఆ లెక్కన ఇంకా మస్తు నడుస్తది.

కంప్లైంట్ ఏందంటే ఎడమ దిక్కు వెనక టైరు వారంల 33 పాయింట్ల నుంచి 24, 25కి దిగుతది. మిగతా మూడు మంచిగనే ఉంటయి. పాయింట్ అంటే పీఎస్ఐ, మా దగ్గర అందరు పాయింట్ అనే అంటరు.

మా దగ్గరికి రాకముందు అయినవి

మొదటి షాపుల గాట్లల్ల ఇరుక్కున్న రాయి ముక్కని చూసి పంక్చర్ అని స్ట్రిప్ (జిగురు రబ్బరు పట్టీ) గుచ్చిన్రు. సబ్బునీళ్లు కొట్టి చూసిన్రా అంటే సారు "కొట్టలే, రాయి తీసి డైరెక్ట్ గుచ్చిండు" అన్నడు. ఇంకో చోట వాల్వ్ పిన్ మార్చిన్రు, గాలి దిగుడు ఆగలేదని వాల్వే మార్చిన్రు. మూడో చోట లోపల పొక్కలు మూసే జెల్ పోసిన్రు, పోసినంక ఒక పది పదిహేను రోజులు గాలి దిగలేదంట, సారు ఖుష్ అయిండు, మల్ల షురూ. ఆ తర్వాత ఎవరో నైట్రోజన్ కొట్టిచ్చుకోమన్నరు. మామూలు గాలిలనే 78 శాతం నైట్రోజన్ ఉంటది, పొక్క ఉన్నకాడ నైట్రోజన్ ఒక్కటే ఆగి కూసోదు కదా. నాలుగో చోట కొత్త టైరు మాట వచ్చింది.

ఇవి చేసినోళ్లను తప్పు పడ్తలేను, ఒక్కొక్క పని దాని కాడికి కరెక్టే. కానీ ఎవరూ లీకు ఎక్కడున్నదో చూడలే, ఎక్కువ ఎక్కడ ఉంటదో అది చేసి పంపిన్రు. కస్టమర్ కూడ పది నిమిషాలల్ల పని కావాలె అంటడు, ఎయిర్ గన్ చేతిల పట్టుకున్నోడు ఏం చేస్తడు.

ముందు లీకు ఎంతున్నదో తెలువాలె

సారు గాలి చూపిచ్చేది పొద్దుమీకి, డ్యూటీ నుంచి వచ్చేటప్పుడు బంకుల. యాభై కిలోమీటర్లు ఉరికిన టైరు వేడి మీద ఉంటది, మూడు నాలుగు పాయింట్లు ఎక్కువ చూపిస్తది. వేడి మీద 33 కొట్టిస్తే పొద్దున చల్లగున్నప్పుడు అది 30 కూడ ఉండదు. పైగ చలికాలం. మన దిక్కు ఆ నెలలల్ల తెల్లారగట్ల 15 డిగ్రీలు ఉంటే మధ్యాహ్నం 30 ఉంటది, 33 పాయింట్లున్న టైర్ల 10 డిగ్రీలు మారితేనే దాదాపు ఒకటిన్నర పాయింట్లు మారుతది. అంటే ఏ లీకూ లేని టైరు కూడ పొద్దున చూస్తే దిగినట్టే కొడ్తది.

అందుకని సారుకి ముందు ఒక పని చెప్పిన. చిన్న గేజ్ కొనుక్కో సార్, పొద్దున బండి తియ్యకముందు నాలుగు టైర్లు చూసి కాయితం మీద రాయి, రోజూ అదే గేజ్‌తోటి. గేజ్ ఒకటి రెండు పాయింట్లు అటిటు చూపెట్టినా ఫికర్ లేదు, అన్నిటికీ అదే చూపెడ్తది. నాలుగు టైర్లు ఎందుకు అన్నడు. వాతావరణంతోటి దిగేది నాలుగింటికీ ఒక్కతీరుగ దిగుతది, దాన్ని తీసేస్తే ఎడమ వెనక టైర్ల ఎంత ఎక్కువ దిగిందో అదే అసలు లీకు. మంచి టైరైనా రబ్బరుల నుంచే నెలకి ఒకటి రెండు పాయింట్లు పోతయి, దాన్ని లీకు అనుకోవద్దు.

వారం కాయితం వచ్చినంక చూస్తే అసలు లీకు వారానికి ఎనిమిది పాయింట్ల చిల్లర. దీన్ని గాలి లెక్కల చూద్దాం. ఈ సైజు టైర్ల లోపల జాగ 35 లీటర్ల దాక ఉంటది, ఎనిమిది పాయింట్లు దిగిందంటే బయట గాలి లెక్కన ఇరవై లీటర్ల దాక పోయినట్టు, అంటే నిమిషానికి రెండు మిల్లీలీటర్లు. ఒకటే చోట నుంచి పోతే, చక్రాన్ని నీళ్ల తొట్టిల ముంచినప్పుడు రెండు మూడు సెకన్లకో బుడగ రావాలె. కంటికి కనబడే లీకే ఇది. కనబడకపోతే చూసే తీరుల తేడా ఉండాలె, లేకుంటే లీకు ఒక్క చోట కాకుండ రెండు మూడు చోట్ల ఉండాలె.

చక్రం విప్పి చూసినప్పుడు

గాలి పోయే తొవ్వలు నాలుగే. టైరు (గాట్లు, పక్కలు), వాల్వ్ (పిన్, అడుగున రబ్బరు), బీడ్ అంటే టైరు అంచు రిమ్ముకి ఆనుకునే కాడ, ఇగ రిమ్ము. ట్యూబ్‌లెస్‌ల ట్యూబ్ ఉండదు కాబట్టి రిమ్ము కూడ గాలిని ఆపే గోడనే. ఇది చానామంది మర్చిపోతరు, రిమ్ము ఇనుమో అలాయో గట్టిది కదా, దానికేమైతది అనుకుంటరు.

ప్రెషర్ 40కి పెంచినం, టైరు మీద రాసిన మాక్స్‌కి కిందనే. ప్రెషర్ ఎక్కువున్నకొద్దీ లీకు తొందరగ దొరుకుతది. షాంపూ కలిపిన నీళ్లు వాల్వ్ మూతి మీద కొట్టి, వాల్వ్‌ని వేలుతోటి నాలుగు దిక్కులా వంచి చూసినం, ఎందుకంటే అడుగున రబ్బరు పగిలి ఉంటే వంచినప్పుడే తెరుచుకుంటది. ఏం లేదు. స్ట్రిప్ కాడ ఏం లేదు. బయటి బీడ్ చుట్టూ ఏం లేదు. చక్రం తిరగేసి లోపలి బీడ్ మీద కొడ్తే జానెడు మేర సన్నటి నురగ లేచింది.

లోపలి దిక్కు ఎవరూ చూడరు. బురద అటే చేరుతది, బ్రేక్ దుమ్ము అటే చేరుతది, చక్రం విప్పితే తప్ప కనబడదు.

టైరు ఊడదీసే ముందు నురగ వచ్చిన కాడ టైరు మీద, రిమ్ము మీద ఎదురెదురుగ పసుపు చాక్‌తోటి గీతలు పెట్టినం, వాల్వ్ కాడ కూడ టైరుకి గుర్తు పెట్టినం. మా పిల్లలకి నేను పదే పదే చెప్పేది ఇదే. గుర్తు పెట్టకుండ ఊడదీస్తే ఆ నురగ టైరు అంచుదా రిమ్ముదా అన్నది ఇగ తెలువదు.

ఊడదీసినంక గీత కాడ రిమ్ము చూస్తే పెయింట్ పొక్కులు లేచి ఉన్నది, గోరుతోటి గీరితే కింద తెల్లటి పొడి. అల్యూమినియం తుప్పు ఎర్రగ ఉండదు, గిట్ల తెల్లగ పొడి పొడి ఉంటది. పెయింట్ కిందికి తేమ పోయి మెల్లగ లేపుతది, టైరు అంచు ఆ ఎగుడుదిగుడు మీద సరిగ కూసోదు. దాని మీద జెల్ ఎండి అట్ట కట్టి ఉన్నది. పదిహేను రోజులు గాలి ఎందుకు ఆగిందో తేలిపోయింది, జెల్ పోయి ఆ సందులల్ల పట్టుకున్నది, టైరు వంగి లేచి వంగి లేచి మల్ల పగిలింది.

టైరు లోపల కూడ చూసినం. తక్కువ గాలి మీద మస్తు నడిపితే లోపలి పక్కల రబ్బరు నలిగి పొడి రాలుతది, అట్లుంటే ఆ టైరు మల్ల ఎక్కియ్యొద్దు. సారు గాలి కొట్టిచ్చుకుంట నడిపిండు కాబట్టి పొడి లేదు. స్ట్రిప్ తోక మాత్రం లోపల కనబడ్డది. రాయి టైరుని దాటి లోపలికి పోయిందో లేదో ఆ దేవునికే తెల్వాలె, ఇప్పుడైతే సూజ దిగింది కాబట్టి పొక్క నిజంగనే ఉన్నది. అది పీకేసి లోపల నుంచి గీరి, సొల్యూషన్ రాసి మష్రూమ్ (గొడుగు లెక్క ఉండే రబ్బరు ప్లగ్) పెట్టినం.

రిమ్ముని నైలాన్ ప్యాడ్, సన్న ఎమరీ కాయితంతోటి చేత్తోనే గీకినం. గ్రైండర్ పెడ్తే ఐదు నిమిషాల పని, గానీ బీడ్ కూసునే కాడ గుంత పడ్డదంటే అదొక కొత్త లీకు. తుడిచి, పలుచగ బీడ్ సీలర్ రాసి, జెల్‌తోటి మూసుకపోయిన వాల్వ్ పిన్ మార్చి, టైరుని పాత గుర్తు కాడనే ఎక్కిచ్చినం. అదే గుర్తు మీద కూసున్నది కాబట్టి బ్యాలెన్సింగ్ మిషన్ ఎక్కువ తేడా ఏం చూపలే, పాత స్టిక్కర్ వెయిట్లు (బ్యాలెన్స్ కోసం రిమ్ము లోపల అతికిచ్చే బరువు ముక్కలు) అట్లనే ఉంచినం. ఈ ముచ్చట జర యాదిల పెట్టుకోండ్రి.

పూర్తిగ ఆగలే

మల్ల వారం కాయితం వచ్చింది. ఎనిమిది నుంచి రెండు మూడు పాయింట్లకి తగ్గింది. సారు "చాలు తమ్మీ, నెలకి రెండుసార్లు కొట్టిచ్చుకుంట, ఏమైతది" అన్నడు. నిజానికి చానామంది కస్టమర్లు ఇక్కడ్నే ఆపేస్తరు, మేము కూడ ఆపుదుమేమో, గానీ మిగతా మూడు టైర్లు నెలకి ఒక్క పాయింటే దిగుతున్నయి. బీడ్ లీకు సరిగ మూస్తే పూర్తిగ ఆగాలె. సబ్బునీళ్లు కొడ్తే ఇప్పుడు బీడ్ కాడ ఏం లేదు. అయినా పోతున్నదంటే రెండో తొవ్వ ఉన్నది. అది మేకు పొక్క అయితే రిస్క్ తక్కువ, రిమ్ముల ఏమన్న ఉంటే ఎండకాలం హైవే మీద ఎట్లుంటదో చెప్పలేం.

ఇప్పుడు చూడాల్సింది టైర్‌దా, రిమ్ముదా అన్నది ఒక్కటే. టైరుని అదే రిమ్ము మీద సగం తిప్పి ఎక్కిస్తే బీడ్ లీకు సంగతి తెలుస్తది గానీ టైరు లోపలి పొర నుంచి పోతుంటే తెలువదు. అందుకే కుడి వెనక చక్రంతోటి మార్చినం, ఎడమ టైరు కుడి రిమ్ముకి, కుడి టైరు ఎడమ రిమ్ముకి. రెండు చక్రాలు ఊడదీసుడు, రెండు మల్ల బ్యాలెన్సింగ్, పని ఎక్కువే. కానీ కొత్త టైరు కొని ఎక్కిచ్చినంక కూడ గాలి దిగితే సారు మొఖం ఎట్లుంటదో ఆలోచిస్తే ఇది చవుక. ఒకటే దిక్కు తిరగాలని బాణం గుర్తుండే టైర్లకి మాత్రం గిట్ల ఎడమ కుడి మార్చి నడపొద్దు, ఈ టైర్లకి ఆ బాణం లేదు.

రెండు మూడు రోజులకే సారు ఫోన్. "తమ్మీ, ఇప్పుడు రోజుకి ఒక పాయింట్ పోతున్నది, మొన్నటికంటే ఎక్కువైంది గదా." ఏ చక్రం సార్ అంటే ఎడమదే, అంటే పాత రిమ్మే. టైరు బచాయించింది. కుడి దిక్కుకి పోయిన పాత టైరు చుక్క గాలి ఇడుస్తలేదు.

లీకు ఎందుకు పెరిగిందన్నది నాకు అన్నిటికంటే పెద్ద క్లూ అనిపిచ్చింది. టైరు మారింది, బీడ్ ఊడి మల్ల కూసున్నది, ఇవి రెండూ సబ్బునీళ్లతోటి చెక్ చేసినం. ఇంకేం మారింది? కుడి నుంచి వచ్చిన టైరుకి బ్యాలెన్సింగ్ వేరే వచ్చింది, పాత స్టిక్కర్ వెయిట్లు పీకి వేరే కాడ అతికిచ్చినం. వెయిట్లు పీకినంకనే లీకు పెరిగిందంటే ఆ వెయిట్ల కింద ఏమో ఉన్నట్టే.

చక్రం విప్పి లోపలి దిక్కు పైకి పెట్టి, పాత వెయిట్ల జిగురు మరక ఇంకా ఉన్న కాడ సబ్బునీళ్లు కొట్టి ఊకున్నం. మొదట ఏం లేదు. ఒక నిమిషం అయినంక ఆ మరక అంచు పొంటి, పాలు పొంగే ముందు గిన్నె అంచుకి వచ్చే నురగ లెక్క, సన్నటి తెల్ల గీత లేచింది, బొటనవేలి గోరంత పొడుగు. తుడిచి చూస్తే కంటికి ఏం కనబడదు, బ్రేక్ దుమ్ము నిండిన ఒక గీర లెక్కనే ఉన్నది. మల్ల కొడ్తే మల్ల అదే కాడ.

టైరు తీసి ఇంకో పరీక్ష చేసినం, రైల్వే వర్క్‌షాపులల్ల పాతకాలంల చేసేటోళ్లు. లోపలి దిక్కు కిరసనాయిలు రాసి, కాసేపు ఆగి, తుడిచి, చాక్‌పీస్ పొడి చల్లినం. పగులుల దూరిన నూనె మెల్లగ బయటికొచ్చి పొడిని తడుపుతది. రిమ్ము లోపలి అంచు నుంచి మొదలై బీడ్ కూసునే కాడ దాటి మధ్యకి పోయిన నల్ల గీత స్పష్టంగ తేలింది. ఖాళీ రిమ్ముని బ్యాలెన్సింగ్ మిషన్ మీద తిప్పితే అదే కాడ అంచు జర లోపలికి వంగి ఉన్నది కూడ తెలిసింది.

అప్పుడు సారుకి యాదికొచ్చింది, వానకాలంల రాత్రిపూట కల్వర్టు కాడ గుంతల పడ్డది, ఆ తర్వాత సీట్ల వణుకు వస్తే ఎక్కడ్నో బ్యాలెన్సింగ్ చేయిచ్చిండు. లెక్క కుదిరింది. గుంతల పడ్డప్పుడు అంచు వంగి సన్నగ పగిలింది, వంగినందుకు వణుకు వచ్చింది, వణుకుకి వెయిట్లు అతికిచ్చిన్రు, ఆ వెయిట్ల కింద ఉండే మెత్తటి టేపు పగులు మీద పడి సగం మూసింది. లీకు మెల్లగ కాబట్టి ఎవరికీ రిమ్ము మీద అనుమానం రాలే. తుప్పు లీకు ఇంకోటి పక్కకే ఉండుడుతోటి ఇది మొత్తానికే దాసుకున్నది.

తొట్టిల ముంచితే దొరుకుతుండే కదా అని సారు అడిగిండు. చక్రం నీళ్లల్ల ముంచంగనే వెయిట్ల కింద, బోల్టు పొక్కలల్ల ఇరుక్కున్న గాలి బుడబుడ వస్తది, అది చూసి చెయ్యి పెట్టి కదిలిస్తరు, తిప్పుతరు, బయటికి తీస్తరు. ఇరుక్కున్న బుడగలు తుడిచి, చక్రం కదలకుండ పెట్టి, నాలుగైదు నిమిషాలు చూడాలె. ఏడెనిమిది సెకన్లకి ఒక్క బుడగ వచ్చే లీకు గట్ల ఓపిక పడ్తేనే దొరుకుతది.

వెల్డింగా, కొత్తదా

షోరూంల ఒక్క అలాయ్ రేటు విని సారు కాసేపు మాట్లాడలే. వెల్డింగ్ చేసేటోళ్లు ఉన్నరు, తక్కువల అయితది, చేయిస్త అన్నడు. నేను వద్దన్న. ఈ అలాయ్‌లు పోత పోసి, వేడి చేసి, గట్టిపడేటట్టు ట్రీట్ చేసినయి, వెల్డింగ్ వేడికి ఆ చుట్టుపక్కల మెత్తబడ్తది, పగులు ఆడ్నే పక్కన మల్ల మొదలైతది. పగులు ఎంత దూరం పోయిందో ఎక్స్‌రే తీసి చూసే సౌలత్ మన కాడ లేదు. పైగ ఇది లోపలి అంచు, గుంతల పడ్డప్పుడు మొదటి దెబ్బ దానికే. ఊర్ల తిరిగే బండి అయినా నేను ఒప్పుకోను, రోజూ హైవే బండికి అసలే చెయ్యను. వెల్డింగ్ చేసిన అలాయ్‌ల మీద ఏండ్లకేండ్లు తిరిగినోళ్లు ఉన్నరు, కాదంటలే, గానీ ఎవరిది నిలుస్తదో ముందుగాల చెప్పే తెలివి నా దగ్గర లేదు.

స్టెప్నీ మీద తిరుగుత అన్నడు. ఆ బండి స్టెప్నీ చిన్న సైజు ఐరన్ రిమ్ము, దాని మీదనే 80 దాటొద్దని స్టిక్కర్ ఉంటది, రెండు మూడు రోజులకైతే సరే.

ఆఖరికి హైదరాబాద్ నుంచి అదే మోడల్ సెకండ్ హ్యాండ్ అలాయ్ తెప్పిచ్చినం. బోల్టుల కొలత, ఆఫ్‌సెట్ (చక్రం ఎంత లోపలికి, ఎంత బయటికి కూసుంటదన్నది), నడిమి పొక్క, వెడల్పు అన్నీ కుదరాలె, అందుకే అలాయ్ స్పోకుల వెనక పోతల ఉండే కంపెనీ నంబరు అదే ఉన్నది కావాలన్న. వచ్చినంక టైరు ఎక్కియ్యకముందే మిషన్ మీద తిప్పి రెండు అంచులు చూసినం, కిరసనాయిలు చాక్‌పీస్ పరీక్ష చేసినం, వెల్డింగ్ మీద పెయింట్ ఏసి ఉన్నదేమో వేలు పెట్టి లోపల మొత్తం తడిమి చూసినం. ఎక్కిచ్చినంక బోల్టులు ఎదురెదురుగ, కంపెనీ చెప్పిన టార్క్‌తోటి (ఎంత బలంతోటి తిప్పాలన్న లెక్క) బిగిచ్చి, ఒక వంద కిలోమీటర్లు తిరిగినంక మల్ల చెక్ చేసినం. ఇప్పుడు నాలుగు టైర్లు కలిసి దిగుతున్నయి, కలిసి లేస్తున్నయి.

షాపోళ్లకి రెండు ముచ్చట్లు. స్టిక్కర్ వెయిట్ అతికిచ్చే ముందు ఆ జాగ తుడిచి, లైటు పెట్టి చూడుండ్రి, జిగురు పట్టాలంటే ఎట్లైనా తుడవాలె, ఆ తుడిచేటప్పుడే చూసుడు. జెల్ పోసే ముందు కస్టమర్‌కి చెప్పుండ్రి, తర్వాత ఎవరు ఊడదీసినా గంట సేపు కడుక్కోవాలె, లీకు జాడ కూడ చెరిగిపోతది. దొవ్వల పంక్చర్ అయి ఇంటికి చేరాలంటే జెల్ మంచిదే. ఇగ పైసల కాడికి వస్తే, మష్రూమ్‌కి ఇస్తరు, బ్యాలెన్సింగ్‌కి ఇస్తరు, "చూసినందుకు పైసలా" అంటరు. ఈ కేసుల అసలు పని మొత్తం చూసుడే. నేనైతే మెల్లగ దిగే లీకులకి చూసే చార్జి ముందే చెప్తున్న, కొందరు పక్క షాపుకి పోతరు, పోనీ.

పగిలిన రిమ్ముని సారు అడిగిండు, "స్టెప్నీకన్న పనికొస్తది గదా తమ్మీ, వెల్డింగ్ చేయిచ్చి పెట్టుకుంట" అని. ములుగు తొవ్వల రాత్రి పది గంటలకి స్టెప్నీ తప్ప ఇంకోటి లేనప్పుడు ఎక్కిచ్చేది అదే కదా సార్ అన్న. ఒప్పుకున్నడు. పాతసామాను ఆయనకి ఏసే ముందు గ్రైండర్‌తోటి అంచుని రెండు చోట్ల అడ్డంగ కోసినం, మల్ల ఎవరో వెల్డింగ్ పెట్టి, పెయింట్ ఏసి, సెకండ్ హ్యాండ్ అలాయ్ అని అమ్మకుండ. కిలోల లెక్కన వచ్చిన పైసలు సారు బిల్లుల కొట్టేసినం.